పరిశోధన డేటాబేస్‌తో కోడింగ్ పోటీ: ఎక్కడ మొదలుపెట్టాలి?

తిరుపతిలో బీటెక్ రెండో ఏడాది చదివే ఒక విద్యార్థి, వైద్య పరిశోధన వ్యాసాల డేటాబేస్ అయిన పబ్‌మెడ్ సమాచారంతో ప్రోగ్రాం రాసే పోటీలో చేరవచ్చా అని అడిగారు. నిక్షేపంగా చేరండి, పైథాన్ కాస్త వస్తే చాలు. పబ్‌మెడ్‌కు ఈ-యుటిలిటీస్ అనే ఉచిత ఏపీఐ (మన ప్రోగ్రాం నేరుగా సమాచారం అడిగి తెచ్చుకునే మార్గం) ఉంది. అందులో ఈసెర్చ్ వ్యాసాల గుర్తింపు సంఖ్యలు ఇస్తుంది, ఈఫెచ్ వాటి సారాంశాలు తెస్తుంది. రెట్‌మాక్స్ (ఒకసారికి ఎన్ని ఫలితాలు కావాలో చెప్పే సంఖ్య) విలువ పెంచకపోతే ఈసెర్చ్ 20 ఫలితాల దగ్గరే ఆగిపోతుంది. అది తెలియక నేను ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను. ఏపీఐ కీ (మనల్ని గుర్తించే కోడ్) లేకుండా సెకనుకు 3 అభ్యర్థనలు పంపవచ్చు, ఉచిత కీ తీసుకుంటే 10.

ముందు మన ఊరి పరిశోధనలే వెతికి చూడండి. రచయితల చిరునామాల్లో తిరుపతిని ఇంగ్లిషులో ఒకరు ‘టీ-ఐ’తో ముగిస్తారు, మరొకరు మధ్యలో ‘హెచ్’ ఇరికిస్తారు. రెండింటినీ కలిపి వెతకకపోతే లెక్క తప్పుతుంది.