ముప్పై దాటినా స్థిరపడని కుర్రాళ్లకు బాధ్యత తెలియదా?

“ముప్పై ఏళ్లొచ్చినా పెళ్లీ ఉద్యోగమూ లేకుండా ఇంటి డబ్బుతో బతికేవాళ్లకు బాధ్యత తెలియదా?” అని అడిగారు. సర్కారు ఉద్యోగ పరీక్షలకు చదువుతూ హైదరాబాద్ అశోక్‌నగర్ హాస్టళ్లలో ఆరేళ్లున్నవాణ్ని కాబట్టి చెబుతున్నాను. నాన్న పంపిన డబ్బులో చాయ్ ఖర్చు కూడా నోటుపుస్తకంలో రాసుకునేవాణ్ని. ఇంతకంటే బాధ్యత ఏముంటుందండీ?

2023 సెప్టెంబరులో, రాష్ట్ర ప్రభుత్వ పెద్ద ఉద్యోగాలకు పెట్టే గ్రూప్-1 తొలి దశ పరీక్ష (ప్రిలిమ్స్) రెండోసారి రద్దయిన వారానికి నాన్న చెప్పకుండా వచ్చారు. చేతిలో అమ్మ పంపిన ఆవకాయ సీసా. గదిలో మూడు మంచాలు, అడ్డంగా కట్టిన తాడు మీద తడి తువ్వాళ్లు. మా గదిలో ఉండే అన్న కళ్లజోడు పెట్టుకుని పాలిటీ పుస్తకం చదువుతున్నారు. ఆ వారం రంగు వేసుకోలేదు, చెవుల పక్కన తెల్లగా కనిపిస్తోంది. నాన్న చేతులు జోడించి, “నమస్కారమండీ, మీ అబ్బాయి కూడా ఇక్కడే చదువుతున్నాడా?” అన్నారు.

“లేదండీ, నేనే చదువుతున్నాను.”

ఆయనకు ముప్పై తొమ్మిది. ఊళ్లో భార్య, రెండో తరగతి చదివే కూతురు. నాన్న ఏమనాలో తోచక ఆవకాయ సీసా మూత బిగించి, మళ్లీ తీసి, మళ్లీ బిగించారు. తర్వాత ముగ్గురం చాయ్‌కి వెళ్లాం. అన్న డబ్బులివ్వబోతే నాన్న చెయ్యి పట్టుకుని ఆపేశారు. “ఉద్యోగం వచ్చాక ఇద్దువుగాని బాబూ.” అరగంట ముందు ‘అండీ’ అన్న మనిషినే.

నాన్నకు 1984లో ఒక్క పరీక్షతో ఉద్యోగం వచ్చింది, ఏడాది తిరగకుండా పెళ్లయింది. ఆ తరం దృష్టిలో ఉద్యోగం రాలేదంటే చదవలేదనే అర్థం. తెలంగాణ వచ్చాక తొలి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022లో, 503 పోస్టులకు పడిందని వాళ్లకెవరు చెప్పాలి? అక్టోబరులో రాసిన పరీక్ష ప్రశ్నపత్రాల లీకేజీతో రద్దయింది, జూన్‌లో మళ్లీ రాస్తే హైకోర్టు రద్దు చేసింది. 2024లో పాతదాన్ని పక్కన పెట్టి 563 పోస్టులకు కొత్తది ఇచ్చారు. గరిష్ఠ వయసు 44 నుంచి 46కు పెంచితే మా హాస్టల్లో మిఠాయిలు పంచారు. నాకు మాత్రం శిక్ష రెండేళ్లు పొడిగించినట్టే అనిపించింది.

పెళ్లికానివాడికి ఊళ్లో పంచాయితీలో మాట చెల్లదు, నగరంలో ఇల్లు అద్దెకివ్వరు. ఇల్లూ ఉద్యోగమూ లేనివాడికి పిల్లనివ్వరు. ఆడపిల్లల కథ వేరు. మా బ్యాచ్‌లో నాకంటే బాగా చదివే ఇద్దరిని రెండో రద్దు తర్వాత ఇంటికి పిలిపించి పెళ్లి చేసేశారు. పరీక్షల తేదీలు వేళకు ప్రకటించి వేళకు జరిపితే ఈ రాష్ట్రంలో సగం సంబంధాలు వాటంతటవే కుదురుతాయి, రాసిపెట్టుకోండి.

నేను 2024లో మానేసి ప్రైవేటు ఉద్యోగంలో చేరాను. అన్న ఇంకా అదే మంచం మీద ఉన్నారు. మొన్న ఫోను చేస్తే, కూతురు నాలుగో తరగతికి వచ్చిందన్నారు. దాని పరీక్షల తేదీలు అప్పుడే చెప్పేశారట. తనకే ఇంకా రాలేదని నవ్వారు.