ఎర్రబంతి దొరకని కుక్క

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

నిన్న ఫోన్లో నీ కుక్కను మొద్దుదని తిట్టావు. శెనక్కాయ చేనులోకి ఎర్రబంతి విసిరితే, కాళ్ళ దగ్గరే పడినా వెతుక్కుంటూ తిరిగిందంటివి. తప్పు కుక్కది కాదు అబ్బీ, బంతిది.

కుక్కకు అంతా తెలుపూ నలుపే అనుకుంటారు గానీ అది నిజం కాదు. రంగులు పట్టే కణాలు మన కంట్లో మూడు రకాలుంటే దాని కంట్లో రెండు రకాలే. 1989లో కాలిఫోర్నియాలో మూడు కుక్కలకు రంగుల పరీక్షలు పెట్టి మరీ ఈ సంగతి తేల్చారు. నీలం, పసుపు వాటికి బాగా తెలుస్తాయి. ఎరుపు, ఆకుపచ్చ దగ్గరే తికమక. పచ్చటి చేనులో ఎర్రబంతి నీకు నిప్పుకణికలా కనబడుతుంది. దానికి మాత్రం చేనూ బంతీ రెండూ మాసిపోయిన పసుపే. పోనీ పసుపు బంతి కొంటానంటావేమో, చేనే పసుపు ఛాయలో కనబడే జీవికి అదీ అంత తేలిక కాదు. నీలం కొను. మన ఎర్రనేల మీదా అదే మేలు.

రాత్రి సంగతి వేరే. నేనూ తప్పు చేసినవాణ్ణే. గొర్రెల దొడ్డి దగ్గర కాపలా పడుకున్న రోజుల్లో మా కరియా మొరిగితే చాలు, దాని మొహం మీదికే టార్చి కొట్టేవాణ్ణి. రెండు కళ్ళూ పచ్చటి గోళీల్లా మెరిసేవి. దయ్యం పట్టిందని మా అమ్మ దిష్టి కూడా తీసింది! కుక్క కంటి లోపల వెనకవైపు అద్దంలాంటి పొర ఒకటుంటుంది. లోపలికొచ్చిన వెలుతురును తిప్పికొట్టి కంటికి రెండోసారి అందిస్తుంది. అందుకే చుక్కల వెలుగులో నక్క కదిలినా మనకంటే ముందు దానికి తెలుస్తుంది. అలాంటి కంట్లో టార్చి కొడితే ఏమవుతుంది? కాసేపు ఏమీ కనబడక అక్కడే తడబడేది. నేనేమో పిరికిదని తిట్టేవాణ్ణి. నువ్వు టార్చి నేలకేసి కొట్టు.

దూరం నుంచి పిలిచేటప్పుడు కొయ్యలా నిలబడకు, చెయ్యి ఊపు. కదిలేది దానికి ఇట్టే తెలుస్తుంది. మూతి ముందు జానెడు దూరంలో ఉన్నది మాత్రం మసకే. బిస్కెట్ ముక్క ముందరే పడినా ముక్కుతో తడుముకుంటుంది, నవ్వకు.

ఆదివారం కళ్యాణదుర్గం వస్తున్నా. నీలం బంతి నేనే తెస్తాలే. ఆ ఎర్రది పిల్లలకిచ్చెయ్.

మీ మామ