ఆడుకునే ఆడపిల్ల బట్టల మీద నలుగురూ మాటలంటుంటే: హన్మకొండ నుంచి నా అనుభవం

లెగ్గింగ్ వేయొద్దు చెల్లె. ముందు ఆ మాట చెప్పేసి, ఎందుకో తర్వాత రాస్తాను.

మీరు అడిగింది ఇది: ఎనిమిదేళ్ల పాప సాయంత్రం అపార్ట్‌మెంట్ కింద షార్ట్స్, టీషర్ట్ మీద సైకిల్ తొక్కుతుంది, ఖోఖో ఆడుతుంది. పక్క ఫ్లాట్లలో పెద్దవాళ్లు "ఎదిగే పిల్ల, కాళ్లు కనబడేటట్టు ఆ బట్టలేంది" అంటున్నారు. మీ అత్తమ్మ కూడా వాళ్ల దిక్కే. వాళ్ల మాట విని లెగ్గింగ్ వేసి పంపాలా, పట్టించుకోకుండా ఉండాలా అని.

మాది హన్మకొండ. నాకు పదకొండేళ్ల బిడ్డ, ఏడేళ్ల కొడుకు. రెండేళ్ల కింద మా ఇంట్లో కూడా ఇదే గొడవ. అయితే మాకు జరిగింది ఇంకొంచెం చేదుగా జరిగింది. ఆ మాట అన్నావిడ నాతో అనలేదు, లిఫ్టులో నా బిడ్డతోనే అన్నది. నాకు అప్పుడు తెలియదు. ఆ రోజు పిల్ల ఆట మధ్యలోనే పైకి వచ్చింది. సోఫాలో ఓ మూలకు కూర్చుని షార్ట్స్ అంచును మోకాళ్ల మీదికి లాగుతున్నది. చెయ్యి వదలగానే అది పైకి పోతున్నది, మళ్లీ లాగుతున్నది. "ఏమైంది బిడ్డా" అంటే చెప్పలేదు. మరునాడు నడి ఏప్రిల్ ఎండలో లెగ్గింగ్ అడిగింది, వేశాను. పావుగంటకే పైకి వచ్చి, "ఉక్కపోస్తుంది, నేను ఆడను" అన్నది. తర్వాత నాలుగు రోజులు అసలు కిందికే దిగలేదు. ఐదో రోజు రాత్రి పడుకునేటప్పుడు మెల్లగా అడిగింది, "అమ్మా, నా కాళ్లు బాగుండవా?" అని.

అప్పుడు నాకు అర్థమైంది, పిల్ల మీద పడేది బట్ట గురించిన మాట కాదు, తన ఒంటి గురించిన మాట అని. తొమ్మిదేళ్ల పిల్లకు తన కాళ్లు పరుగెత్తడానికి, చెట్టెక్కడానికి ఉన్నాయని తెలిస్తే చాలు. వాటిని ఎవరో చూస్తున్నారన్న బరువు ఆ వయసులో నెత్తిన పెట్టకూడదు.

మీరు చేయాల్సిన మొదటి పని, ఆ మాట పిల్ల దాకా పోకుండా చూడటం. ఆ పెద్దవాళ్ల దగ్గరికి మీరే వెళ్లండి, మర్యాదగానే చెప్పండి: "పెద్దమ్మా, ఏదైనా ఉంటే నాకు చెప్పండి, పిల్లకు చెప్పకండి." నేను ఇంతే అన్నాను. చేతులు వణికాయి నిజానికి, కానీ అన్నాను. ఆవిడ కొంచెం మొహం మాడ్చుకున్నది, నెల రోజులకు మామూలైపోయింది. పాపకు కూడా ఒక మాట నేర్పండి: ఎవరైనా నీ బట్టల గురించి, ఒంటి గురించి అంటే వాళ్లకు జవాబు చెప్పనక్కర్లేదు, ఇంటికొచ్చి అమ్మకు చెప్పాలి.

పెద్దవాళ్లను నేను తప్పుపట్టడం లేదు. వాళ్ల లోపల ఉన్నది భయం. పేపర్లో చదివేవి వాళ్లనూ వణికిస్తాయి. కానీ చెడు బుద్ధి ఉన్నవాడిని లెగ్గింగ్ ఆపదు. ఆపేది పెద్దల కన్ను. మా దగ్గర ఆరు నుంచి ఏడున్నర దాకా నలుగురం తల్లులం వంతులు వేసుకుని కింద కూర్చుంటాం. పిల్లలకు మంచి స్పర్శ, చెడు స్పర్శ తేడా చెప్పాం. పిల్లల సహాయ ఫోన్ నంబర్ 1098 వాళ్లకు నోటికి వచ్చు. ఈ సంగతి చెప్పాక మా అత్తమ్మ గొంతు సగం దిగింది.

ఇక బట్ట సంగతి. మన దగ్గర ఏప్రిల్ నుంచే ఎండ 40 దాటుతుంది, మేలో కొన్ని రోజులు 44, 45 కూడా చూస్తాం. సాయంత్రం ఆరైనా సిమెంటు నేల వేడి కక్కుతూనే ఉంటుంది. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. ఒంటికి అతుక్కునే సాగుడు బట్టలో చెమట ఆరదు, మోకాళ్ల వెనక చెమటకాయలు లేస్తాయి. అందుకని ఎండాకాలం మోకాళ్ల దాకా వదులుగా ఉండే కాటన్ లాగు, చేతుల్లేని అంగీ. పాప గౌనే కావాలంటే లోపల కాటన్ షార్ట్స్ వేస్తే తనే హాయిగా దుంకుతుంది. వానాకాలం లెక్క వేరు. డెంగీ దోమ పగటిపూట కుడుతుంది, పొద్దున, పొద్దుగూకే ముందు ఎక్కువ, సరిగ్గా పిల్లలు ఆడుకునే టైం అదే. అప్పుడు వదులు పైజామా, పొడుగు చేతుల అంగీ వేస్తాను. బిడ్డకూ అంతే, కొడుక్కూ అంతే. మా ఇంట్లో ఉన్నది ఈ ఒక్క కట్టుబాటే: ఎండను బట్టి, దోమను బట్టి, ఆటను బట్టి ఏది చెప్పినా ఇద్దరికీ చెప్తాం. కొడుక్కి వర్తించని మాట బిడ్డకు చెప్పం. చెప్పులతో మాత్రం పరుగెత్తనివ్వకండి, బూట్లు ఉండాల్సిందే.

నేను ఇంత గట్టిగా రాయడానికి ఇంకో కారణం ఉంది. నేను పుట్టి పెరిగింది నర్సంపేట దిక్కు ఊళ్లో. ఐదో తరగతి దాకా గౌను మీద ఊరంతా తిరిగాను, చిర్రగోనె (బిళ్లంగోడు) ఆటలో మగపిల్లలు నన్ను తమ జట్టులోకి అడిగి మరీ తీసుకునేవాళ్లు. ఆరో తరగతికి రాగానే, పెద్దపిల్లవైనవని కాలి మడమల దాకా లంగా వేశారు. బడి ఆటల పోటీల్లో ఆ లంగాతోనే పరుగు పందెంలో దిగాను. సగం దూరం ముందున్నాను. కుచ్చిళ్లు కాలికి చుట్టుకుని మొహం మీద పడ్డాను. గదవ కింద మూడు కుట్లు. ఇంటికి తీసుకొచ్చాక అందరూ అన్న మాట ఒకటే, "ఆడపిల్లకు ఉరుకుడు ఎందుకు?" లంగాను ఒక్కరూ తప్పు పట్టలేదు. పరుగునే తప్పు పట్టారు. ఆ తర్వాత నేను మళ్లీ గ్రౌండులోకి దిగలేదు.

మన నిజామాబాద్ బిడ్డ, బాక్సర్ నిఖత్ జరీన్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. షార్ట్స్ వేసుకునే ఆట ఆడపిల్లకెందుకని చుట్టాలు, తెలిసినవాళ్లు ఆమె తండ్రిని అడిగారని ఆయనే చెప్పుకున్నాడు. ఆయన బిడ్డ వైపు నిలబడ్డాడు. ఆమె 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ బాక్సింగ్ చాంపియన్ అయింది. మన పిల్లలందరూ చాంపియన్లు కావాలని కాదు. ఇంట్లో ఒక్క పెద్ద మనిషి నిలబడితే ఆ పిల్ల ఆట ఆగదని చెప్తున్నాను.

మీ అత్తమ్మతో వాదన పెట్టుకోకండి. నేను పెట్టుకుని చూశాను, పని కాలేదు. ఒక సాయంత్రం "కాసేపు కింద కూర్చుందాం రా అత్తమ్మా" అని తీసుకుపోయాను. ఆమె కళ్ల ముందే ఒక పాప చున్నీ సైకిల్ చైన్లో ఇరుక్కుంది. పిల్ల పక్కకు ఒరిగింది, మెడ దగ్గర బట్ట బిగిసింది. అందరికంటే ముందు లేచింది మా అత్తమ్మే. చున్నీకి పెట్టిన పిన్నీసు పటపటా ఊడదీసి, గ్రీసు అంటిన చున్నీని చైన్లోంచి లాగి, ఆ పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని నీళ్లు తాగించింది. పైకి వచ్చాక ఏమీ మాట్లాడలేదు. రాత్రి అన్నం తింటూ తనే అన్నది, "సద్దుల బతుకమ్మకు పద్మాక్షి గుట్టకు పోయినప్పుడు పట్టు లంగా వేద్దాం. ఆటకు అది పనికిరాదు."

వారం తిరగకముందే తన పాత నూలు చీర ఒకటి తీసి, సందు చివర టైలరు దగ్గర బిడ్డకు రెండు లాగులు కుట్టించింది. మోకాళ్ల దాకా, రెండు జేబులు, నడుముకు ఎలాస్టిక్కు. జేబులు ఎందుకని అడిగితే, "గోలీలు ఎక్కడ పెట్టుకుంటది మరి?" అన్నది. బిడ్డకు ఇప్పుడు అవి పొట్టి అయ్యాయి. ఈ ఎండాకాలం వాటిని తమ్ముడు వేసుకుని తిరుగుతున్నాడు.