సమాధానం: బూర మీద ‘బ్రెవెటే ఎస్.జి.డి.జి.’ అని ఉంటే

మీ పాత పారిస్ సాక్స్‌హార్న్ (వాల్వులున్న ఇత్తడి బూర) వెడల్పు మూతి మీద ‘బ్రెవెటే ఎస్.జి.డి.జి.’ అని చెక్కి ఉందన్నారు. ‘బ్రెవెటే’ అంటే ఫ్రెంచిలో ‘పేటెంట్ పొందినది’. అంటే దాన్ని ఆ తయారీదారే కనిపెట్టినట్టా అని మీ సందేహం. కాదండి. 1844 నాటి ఫ్రాన్స్ చట్టం ప్రకారం దరఖాస్తు సక్రమంగా ఉంటే చాలు, వస్తువు కొత్తదా కాదా అని చూడకుండానే పేటెంట్ ఇచ్చేసేవారు. ఆ నాలుగు అక్షరాలు చెప్పేది ‘ప్రభుత్వ హామీ లేదు’ అనే. ఎవరిది అసలు, ఎవరిది నకలు అన్నది కోర్టులో తేలాల్సిందే.

సాక్స్‌హార్న్ రూపొందించిన వాద్యాల తయారీదారు అడాల్ఫ్ సాక్స్ పడ్డ అవస్థంతా అక్కడే. ఆయన 1843లో సాక్స్‌హార్న్‌కు, 1845లో సాక్సోట్రోంబా అనే మరో ఇత్తడి బూరకు పేటెంట్లు తీసుకున్నాడు. వాటిని కొట్టేయమని పారిస్ తయారీదారులు ఏకమై కేసు వేశారు. వాల్వులు (స్వరం మార్చడానికి వేళ్లతో నొక్కేవి) కొత్తేమీ కాదన్న వాళ్ల మాట నిజమే. ష్టోల్ట్‌సెల్, బ్లూమెల్ అనే ఇద్దరు వాద్యకారులు 1818లోనే జర్మన్ రాజ్యమైన ప్రష్యాలో వాటికి పేటెంట్ పొందారు. చివరికి 1854లో ఫ్రాన్స్‌లోని రూవాన్ నగర కోర్టులో సాక్స్ గెలిచాడు, కానీ 1852లోనే దివాలా తీశాడు. అంత పనివాడికి ఆ గతి పట్టడం తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

మీ బూర విషయానికొస్తే, ఆ ముద్రను బట్టి అది 1844కు ముందుది కాదని మాత్రం చెప్పొచ్చు. పేరు పక్కన వీధి చిరునామా ఉంటే దగ్గరగా ఫొటో తీసి పెట్టండి. వర్క్‌షాప్ చోటు మారితే ముద్రలో చిరునామా కూడా మారేది, ఏ ఏళ్లదో దాన్నిబట్టి పట్టుకోవచ్చు.