మామ అడిగిన సంతకం, కిటికీ గూట్లో గ్లాసు

ప్రశ్న: మాది నల్లగొండ. హైదరాబాద్‌లో తొమ్మిదేళ్లు హెచ్‌ఆర్‌లో చేశాను. మా ఆయన ఇక్కడ టీచర్. పిల్లల కోసం రెండేళ్ల కింద ఉద్యోగం మానేసి వచ్చి, సొంతంగా డైవర్సిటీ, ఇన్‌క్లూజన్ కన్సల్టెంట్‌గా, అంటే పనిచోట ఎవరినీ వేరుగా చూడకుండా అందరినీ కలుపుకుపోవడం మీద, కంపెనీలకు శిక్షణ ఇస్తున్నాను. ఒక నెల రాబడి ఉంటే రెండు నెలలు ఉండదు. మా ఆయన మేనమామకు చౌటుప్పల్ దగ్గర ఫ్యాక్టరీ ఉంది. అక్కడ ఆడవాళ్లిచ్చే లైంగిక వేధింపుల ఫిర్యాదులు విచారించే ఇంటర్నల్ కమిటీలో బయటి సభ్యురాలిగా సంతకాలు పెట్టమంటున్నారు. మీటింగులేమీ ఉండవట, ఏడాదికి 20 వేలు ఇస్తారట. కుదరదన్నాను. "ముందు మీ ఇంట్ల గలాస సంగతి చూడు బిడ్డా, మాకు తర్వాత చెప్దువు" అన్నారు. మా ఇంట్లో పనిచేసే ఆమెకు చాయ్ పోసే స్టీలు గ్లాసు వేరు. పెరటి కిటికీ గూట్లో ఉంటుంది. నాకు నోట మాట రాలేదు. అత్తమ్మా, మా ఆయనా సంతకం పెట్టేయమనే అంటున్నారు. అసలు ఈ పనికి నేను తగినదాన్నేనా?

సమాధానం: సంతకం పెట్టకండి. అది తేల్చేసుకుంటే, మిమ్మల్ని నిజంగా కలవరపెట్టిన గ్లాసు దగ్గరికి రావచ్చు.

10 మంది, అంతకన్నా ఎక్కువ పనిచేసే చోట 2013 చట్టం ప్రకారం ఈ కమిటీ ఉండాలని మీకు నేను చెప్పక్కర్లేదు. బయటి మనిషి ఎందుకో మాత్రం ఇంట్లోవాళ్లకు చెప్పండి. కమిటీ మీద పైవాళ్ల ఒత్తిడి పడకూడదని సుప్రీంకోర్టు 1997లో విశాఖ అనే సంస్థ వేసిన కేసు తీర్పులోనే ఆ ఏర్పాటు చేసింది. ఓనరు మేనల్లుడి భార్యే ఆ కుర్చీలో కూచుంటే ఇక బయటివాళ్లెవరు? రేపు ప్యాకింగ్‌లో పనిచేసే ఒక పిల్ల సూపర్‌వైజర్ మీద కాగితం రాసిచ్చిందనుకోండి. 90 రోజుల్లో విచారణ ముగించాలి. రిజిస్టర్ తెరిస్తే జరగని మీటింగుల కింద వరసగా మీ సంతకాలు. కమిటీ వేయలేదని మామకు పడే జరిమానా 50 వేల దాకా. మీకు పోయేది పేరు. మీకున్న పెట్టుబడల్లా అదే.

గొడవ అక్కర్లేదు. "మామా, సంతకం నావల్ల కాదు. కమిటీ పద్ధతిగా వేయిస్తా, తెలుగులో, హిందీలో షిఫ్టులవారీగా క్లాసు చెప్తా, పేర్లు నోటీసు బోర్డు మీద పెట్టిస్తా. బయటి సభ్యురాలు మాత్రం మన చుట్టం కాని మనిషి ఉండాలె" అనండి. ఫీజు ఎంతో కాగితం మీద రాసివ్వండి. ఒప్పుకోరనే నా అనుమానం.

మీ ఆయనది దురాశ కాదు, టెన్షన్. డబ్బు వచ్చిన నెల అంతా వాడేయకుండా, ఒకటో తారీఖున ఇంటికి ఒకే మొత్తం ఇవ్వండి, ఐదు వేలైనా సరే. జీతానికి అలవాటుపడ్డ ఇంట్లో ఆ తారీఖు చాలా ధైర్యమిస్తుంది. చిన్న సంస్థల కోసం ప్రభుత్వం పెట్టిన ఉద్యమ్ పోర్టల్‌లో ఉచితంగా నమోదు చేసుకోండి. చిన్న సంస్థలకు 45 రోజుల్లోపు డబ్బు కట్టాలని చట్టముంది, ఆ మాట ప్రతి బిల్లు మీదా రాయండి.

ఇక గ్లాసు. మీ నోరు మూయించడానికే మామ దాన్ని ఎత్తిచూపారు. అయినా గ్లాసు అక్కడ ఉన్నమాట నిజం. ఊరి హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి మీద ఎన్ని కొట్లాటలయ్యాయో మీ అత్తమ్మకూ తెలుసు. తన పెరట్లో ఉన్నదీ అదేనని మాత్రం ఆమెకు తోచదు. మా అమ్మ దాన్ని 'శుభ్రం' అనేది. నేనూ పెళ్లయ్యేదాకా అదే అనుకున్నాను. ఇంట్లో అన్నీ సరిగ్గా ఉన్నవాళ్లే మీ పని చేయాలంటే చేసేవాళ్లు దొరకరు.

కంపెనీలో చెప్పే క్లాసు అత్తమ్మకు చెప్పకండి. పనామె ముందు అసలే వద్దు. అత్తమ్మకు కోపమొస్తే పని పోయేది ఆమెకు, మీకు కాదు. ముందు పనామెతో ఒంటరిగా మాట్లాడండి. "ఎందుకమ్మా, నా వల్ల లొల్లి" అనొచ్చు. అంటే ఆగండి, ఆమె జీతం, పని మాట్లాడే బాధ్యత మీ చేతిలోకి తీసుకున్నాకే కదలండి. తర్వాత "అత్తమ్మా, రేపటి నుంచి చాయ్ నేను పోస్తా" అని, మీరు తాగే కప్పుల్లోనే పోసి, వెనక మెట్టు మీద ఆమెతో కూచుని తాగండి. అత్తమ్మ నాలుగు రోజులు ముభావంగా ఉండొచ్చు, తన గ్లాసే వేరుగా తీసి పెట్టుకోవచ్చు. పెట్టుకోనివ్వండి.

గూట్లో ఉన్న ఆ స్టీలు గ్లాసును పారేయకండి. కడిగి, లోపల స్టాండులో మిగతావాటితో కలిపేయండి. వారం తిరిగేసరికి ఏది ఏదో అత్తమ్మ కూడా గుర్తుపట్టలేదు.