కిల్ కమాండ్ దగ్గరే ఆగిపోయిన డీబీఏ ఇంటర్వ్యూ

ప్రశ్న: కంప్యూటర్స్‌తో డిగ్రీ పూర్తిచేశాను. ఎస్‌క్యూఎల్ బాగానే వచ్చు. డీబీఏ (డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్) ఇంటర్వ్యూలో మూడు నోడ్ల క్లస్టర్‌ను, అంటే ఒకే డేటాబేస్‌గా కలిసి పనిచేసే మూడు సర్వర్లను, కమాండ్ లైన్ నుంచి ఎలా ఆపుతారని అడిగారు. ప్రాసెస్ నంబరు చూసి 'కిల్ మైనస్ 9' ఇస్తానన్నాను. అక్కడితో ముగించేశారు. కమాండ్లన్నీ బట్టీపట్టాలా? క్లౌడ్ వచ్చాక ఈ ఉద్యోగాలు ఉంటాయా?

జవాబు: బట్టీపట్టి లాభం లేదు. కమాండ్ మరిచిపోతే మాన్యువల్ చూసుకోవచ్చు. ఆపే ముందు లోపల ఏం నడుస్తోందో మీరు ఆలోచిస్తారా లేదా అన్నదే వాళ్లకు కావాలి. మీ జవాబులో అది కనిపించలేదు.

కిల్ మైనస్ 9 అంటే ప్రాసెస్‌ను బలవంతంగా, అక్కడికక్కడే ఆపేసే లైనక్స్ సిగ్నల్. అది ఇస్తే ప్రాసెస్‌కు సర్దుకునే అవకాశమే ఉండదు. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో ఒక్క యూజర్ సెషన్‌ను అలా చంపినా, మెయిన్ ప్రాసెస్ మిగతా సెషన్లన్నిటినీ తెంచేసి రికవరీ (లాగ్ చూసి డేటాను సరిచేసుకోవడం) మొదలుపెడుతుంది. ఒకరి క్వెరీ ఆపబోతే అందరి పనీ ఆగిపోతుంది. అందుకే ముందు క్వెరీని మాత్రమే ఆపే పీజీ క్యాన్సిల్ బ్యాకెండ్, వినకపోతే సెషన్‌నే మూసే పీజీ టెర్మినేట్ బ్యాకెండ్ వాడతారు. మొత్తం సర్వర్‌నే ఆపాలంటే పీజీ సీటీఎల్ అనే కమాండ్‌లో స్మార్ట్, ఫాస్ట్, ఇమ్మీడియట్ అని మూడు పద్ధతులున్నాయి. ఏమీ చెప్పకపోతే 9.5 వెర్షన్ నుంచి ఫాస్ట్ అమలవుతుంది: నడుస్తున్న ట్రాన్సాక్షన్లను రోల్‌బ్యాక్ చేసి (సగంలో ఉన్న మార్పులను వెనక్కి తీసి), సెషన్లను మూసి, శుభ్రంగా ఆగుతుంది. పేరు చూసి ఇమ్మీడియట్ మంచిదనుకుంటారు చాలామంది. అది శుభ్రంగా మూయదు, మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు రికవరీ తప్పదు.

క్లస్టర్ అయితే ఏ నోడ్‌ను ఎప్పుడు ఆపాలన్నది కూడా చూసుకోవాలి. మైఎస్‌క్యూఎల్ ఎన్‌డీబీ క్లస్టర్‌లో మేనేజ్‌మెంట్ క్లయింట్ నుంచి షట్‌డౌన్ ఇస్తే డేటా నోడ్లు, మేనేజ్‌మెంట్ నోడ్లు ఆగుతాయి. అప్లికేషన్లు క్వెరీలు పంపే ఎస్‌క్యూఎల్ నోడ్లను మాత్రం విడిగా ఆపుకోవాలి.

మీరు చేయాల్సిన అభ్యాసం ఒకటి చెబుతాను, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. ల్యాప్‌టాప్‌లో మూడు చిన్న వర్చువల్ మెషీన్లు పెట్టి మరియాడీబీ డేటాబేస్‌తో గలేరా క్లస్టర్ (ప్రతి నోడ్‌లోనూ అదే డేటా ఉండేది) కట్టండి. ఒక్కో నోడ్‌నూ సర్వీసును పద్ధతిగా ఆపే సిస్టమ్‌సీటీఎల్ స్టాప్ కమాండ్‌తో ఆపుతూ, ప్రతిసారీ డేటా డైరెక్టరీలో నోడ్ స్థితిని రాసి ఉంచే గ్రాస్టేట్ ఫైలు తెరిచి చూడండి. ఆ నోడ్‌కు ఎంతవరకు మార్పులు అందాయో చెప్పే సీక్వెన్స్ నంబరు నడుస్తున్నంతసేపూ మైనస్ 1 ఉండి, సరిగ్గా ఆగాక అసలు అంకెకు మారుతుంది. చివరగా ఆగిన నోడ్‌లో మాత్రమే 'సేఫ్ టు బూట్‌స్ట్రాప్' (ఈ నోడ్‌తో క్లస్టర్‌ను మొదలుపెట్టవచ్చని చెప్పే గుర్తు) 1 అవుతుంది. తిరిగి మొదలుపెట్టాల్సింది ఆ నోడ్‌తోనే. తర్వాత మూడింటికీ కిల్ మైనస్ 9 ఇచ్చి అదే ఫైలు చూడండి. నంబరు మైనస్ 1గానే మిగిలిపోతుంది, ఎవరి దగ్గర తాజా డేటా ఉందో ఆ ఫైలు చెప్పదు. డబ్ల్యూఎస్‌రెప్ రికవర్ అనే ఆప్షన్‌తో ఒక్కో నోడ్ స్థానం (ఏ నంబరు వరకు వచ్చిందో) కనుక్కుని లేపండి. అది ఒకసారి మీ చేత్తో చేశాక, ఇంటర్వ్యూలో మీ మాట తీరే మారుతుంది.

క్లౌడ్ గురించి దిగులు వద్దు. మేనేజ్డ్ సర్వీసుల్లో, అంటే క్లౌడ్ కంపెనీయే నడిపే డేటాబేస్‌లలో, సర్వర్ బాధ్యత ఆ కంపెనీది. కానీ వేలాడుతున్న క్వెరీ ఎవరిదో, దాన్ని చంపితే రోల్‌బ్యాక్‌కు ఎంతసేపు పడుతుందో చూసుకోవాల్సింది మన వైపు మనిషే. లైనక్స్ సిగ్నల్స్, లాగ్ చదవడం, ఒక డేటాబేస్ లోతుగా: ముందు ఈ మూడూ పట్టండి. సర్టిఫికేషన్లు తర్వాత చూసుకోవచ్చు.

ఈసారి అదే ప్రశ్న ఎదురైతే వెంటనే కమాండ్ చెప్పకండి. ఏ డేటాబేస్, ఒక్క నోడా మొత్తమా, అప్లికేషన్ల ట్రాఫిక్ ఆపేశారా, బ్యాకప్ ఏదైనా నడుస్తోందా అని మీరే ముందు అడగండి.