అమ్మలూ, ముందు కార్డులు చూసుకో

అమ్మలూ,

అక్క ఫోన్ చేసింది, లక్ష్మీపురంలో వీడియో యూనిట్‌లో చేరావంట, నెల తిరక్కుండానే దిగులు పెట్టుకున్నావంట, కెమెరా ముట్టుకోనివ్వట్లేదు బ్యాటరీలు మెమరీ కార్డులే చూసుకోమంటున్నారని. నేను బెజవాడలో వీహెచ్ఎస్ క్యాసెట్ల రోజుల్నుంచి ఇదే పనిలో ఉన్నా కాబట్టి చెప్తున్నా, నీ చేతికిచ్చింది చిన్న పని కాదు తల్లీ.

ఒక పెళ్లిలో కొత్త కుర్రాడు నిండిన కార్డూ ఖాళీ కార్డూ ఒకే జేబులో వేసుకున్నాడు, తెల్లవారుజామున నిద్రమత్తులో నేను చూసుకోకుండా నిండిన కార్డుకి ఫార్మాట్ కొట్టేశా, అంటే అందులో ఉన్నదంతా చెరిపేశా, తలంబ్రాలు మొత్తం పోయాయి. పెళ్లికూతురి నాన్నకి చెప్తే ఆయన ఒక్క మాట కూడా అన్లేదు, అలా కుర్చీలో కూలబడిపోయాడు. ఆ మొహం ఇప్పటికీ గుర్తొస్తది నాకు. అందుకే ఖాళీవి ఎడం జేబు, నిండినవి కుడి జేబు, రెండు డ్రైవుల్లోకి కాపీ అయ్యి నువ్వే ఓపెన్ చేసి ఆడుతుందని చూసేదాకా ఎవరు తొందరపెట్టినా ఫార్మాట్ చెయ్యొద్దు. ఫోర్‌కే క్వాలిటీలో రికార్డింగ్ 100 ఎంబీపీఎస్, అంటే సెకనుకి 100 మెగాబిట్లు పెడితే గంటకి 45 జీబీ దాకా తింటది, 128 జీబీ కార్డు మూడు గంటలు కూడా రాదు, ముహూర్తం ఎన్నింటికో కనుక్కుని దానికి ముందే కార్డూ బ్యాటరీ మార్పించెయ్.

తర్వాత సౌండ్. ఇది ఎవరూ నేర్పరు, కానీ బొమ్మ కొంచెం వణికినా జనం చూస్తారు, మాట పగిలితే మాత్రం చూడరు. హెడ్‌ఫోన్ పెట్టుకుని ఉండు. పంతులుగారి మంత్రాలకి సౌండ్ మీటర్లో మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర లెవెల్ పెడతావు, బానే ఉంటది, జీలకర్ర బెల్లం పెట్టగానే గట్టిమేళం ఎత్తుకుంటారు చూడు, మీటర్ మొత్తం ఎర్రగా అయిపోయి సౌండ్ పగిలిపోద్ది. ముందే డోలు ఆయన దగ్గరకెళ్లి అన్నా ఒక్కసారి గట్టిగా వాయించు అని అడుగు, సంతోషంగా వాయిస్తారు, దానికి తగ్గట్టు ఇంకో ట్రాక్ తక్కువ లెవెల్లో పెట్టుకో. బ్యారేజీ దగ్గర షూట్ అయితే గాలి ఉంటది, మైకుకి బొచ్చు కవర్ మర్చిపోకు.

మండపంలో లైట్లు వీడియోలో చారలు చారలుగా పాకుతున్నాయంటే కెమెరాలో షట్టర్ స్పీడ్ చూడు, మన కరెంటు 50 హెర్ట్జ్, సెకనుకి 25 ఫ్రేముల్లో తీసేప్పుడు షట్టర్ 1/50 సెకను పెడితే చాలావరకు పోతాయి. కొన్ని ఎల్ఈడీలు అప్పటికీ మాట వినవు, అక్కడ కాస్త అటూ ఇటూ మార్చి చూడటమే.

అన్నిటికన్నా ముఖ్యం, ఎడిటర్ పక్కన కూర్చో. షూట్‌లో కస్టమర్ల ముందు డౌట్లు అడగొద్దు, ఫోన్లో రాసుకుని తిరిగొచ్చేప్పుడు వ్యాన్‌లో అడుగు. ఎడిటింగ్‌లో మాత్రం మీ యూనిట్‌లో అన్నలు తీసిన షాట్ ఎందుకు పక్కన పడేశారో చూడు, పది సెకన్లు కూడా ఆపకుండా కెమెరా తిప్పేశారా, అక్షింతలు వేసే చేతులు తీసి వేసేవాళ్ల మొహాలు వదిలేశారా అని. నేను అక్కడే నేర్చుకున్నా నిజంగా.

రాత్రి ముహూర్తాలకి ఇంటిదాకా దింపుతారా అని ముందే అడుగు, మొహమాటం వద్దు. తిండి టైముకి తిను, ఎండాకాలం షూట్లలో మజ్జిగ బాటిల్ పెట్టుకో.

ఆదివారం ఖాళీ అయితే ట్రైన్ ఎక్కి వచ్చెయ్, కెమెరా వణక్కుండా పట్టుకునే నా గింబల్ ఉంది, బ్యాలెన్స్ చెయ్యడం చూపిస్తా, అత్తయ్య నీకోసం గోంగూర పచ్చడి కూడా తీసి ఉంచింది.

మీ మావయ్య